జొరసాంకో ఇల్లు: నిలిచిన సగం, కూలిన సగం

కోల్‌కతా నగరానికి వెళ్ళిన తెలుగు యాత్రికులు దక్షిణేశ్వరం, కాళీఘాట్, విక్టోరియా స్మారక భవనం చూసుకొని, ఇంకా పొద్దు మిగిలితే జొరసాంకోలోని ఠాగూరుల ఇంటికి వెళుతుంటారు. పూర్వపు చిత్పూర్ రోడ్డు ఇప్పుడు రవీంద్ర సరణి. ఆ వీధి రద్దీలో నుంచి ద్వారకానాథ్ ఠాగూర్ లేన్ అనే సందులోకి మళ్ళితే, ఇంత ఇరుకులో ఇంతటి భవనమా అని ఆశ్చర్యం గొలిపే ఎర్రని కట్టడం ఎదురవుతుంది. మహాకవి జన్మించిన గది, కన్నుమూసిన గది, ఛాయాచిత్రాలు, జపాను, చైనా దేశాల వారి జ్ఞాపికలు చూసి యాత్రికులు తృప్తిగా తిరిగి వస్తారు. అయితే వారు చూసి వచ్చినది ఆ గృహంలో సగం మాత్రమే. పక్కనే ఉండిన రెండవ సగం 1940వ దశకంలో అమ్ముడుపోయి నేలమట్టమైంది. ఆధునిక భారతీయ చిత్రకళ కళ్ళు తెరచినది ఆ కూలిపోయిన సగంలోనే అన్న సంగతి చాలామంది ఎరుగరు.

రవీంద్రనాథుని జీవిత చరిత్ర తెలుగు పాఠకులకు కొత్త కాదు. ఇక్కడ ఆ ఇంటి చరిత్రను మాత్రమే పరిశీలిద్దాం. నూట అరవై సంవత్సరాల కాలంలో ఒకే కుటుంబం ఒక ఇంటిని ఎన్ని విధాల మార్చుకున్నది, అందులో ఒక భాగం ఎందుకు నిలిచింది, మరొక భాగం ఎందుకు నిలవలేదు అన్నవి ఈ వ్యాసానికి ప్రధానాంశాలు.

ఠాగూరుల ఇంటిపేరు మొదట కుశారి. వీరు పీరాలీ బ్రాహ్మణులు. ముస్లిముల సంపర్కం వలన ఆచారభ్రష్టులైనారన్న నెపంతో తక్కిన బ్రాహ్మణ కుటుంబాలు వీరితో వియ్యానికి వెనుకాడేవి. పదిహేడవ శతాబ్దం చివర పంచానన కుశారి అనే ఆయన గంగ ఒడ్డున గోవిందపూర్ గ్రామానికి వచ్చి, ఓడలకు సరుకులు సమకూర్చే వ్యాపారంలో కుదురుకున్నాడు. చుట్టుపక్కల వారు బ్రాహ్మణుడన్న గౌరవంతో ఆయనను 'ఠాకుర్' అని పిలిచేవారు. ఆంగ్లేయుల నోట అదే టాగోర్ అయింది, మన నోట ఠాగూరు అయింది. ప్లాసీ యుద్ధానంతరం ఈస్టిండియా కంపెనీ కొత్త ఫోర్ట్ విలియం కోటను కట్టదలచి గోవిందపూర్‌ను ఖాళీ చేయించడంతో ఆ కుటుంబం ఉత్తరాన పాథురియాఘాటాకు తరలింది. అక్కడ నీలమణి, దర్పనారాయణ్ అనే అన్నదమ్ముల మధ్య ఆస్తి వివాదం తలెత్తింది. 1784లో నీలమణి తన వాటా సొమ్మును, ఇంటి ఇలవేల్పు లక్ష్మీజనార్దన సాలగ్రామాన్ని తీసుకొని పాత ఇంటి నుంచి బయటికి నడిచాడు. వైష్ణవచరణ్ సేఠ్ అనే ధనికుడు ఆ దేవుని పేరనే జొరసాంకోలో స్థలం ఇచ్చాడని కుటుంబంలో చెప్పుకుంటారు. ఈ ఇల్లు పుట్టుకే ఒక పంపకంతో మొదలైందని గుర్తుంచుకోవాలి. ఆ లక్ష్మీజనార్దనుడు మన కథలోకి మళ్ళీ వస్తాడు.

జొరసాంకో అంటే జంట వంతెనలు. పూర్వం అక్కడ పారే వాగు మీద రెండు చిన్న వంతెనలు ఉండేవట. కలకత్తాలో దొరల నివాసం కోటకు దక్షిణాన, చౌరంగీ వైపు. భారతీయులది ఉత్తర భాగం. దొరలు దానిని 'బ్లాక్ టౌన్' అని పిలిచినా, పందొమ్మిదవ శతాబ్దం మొదటి పాదంలో వంగ శ్రీమంతునికి ఇల్లు కట్టుకోవడానికి చిత్పూర్ రోడ్డు పరిసరాలను మించిన చోటు లేదు. బడాబజార్ వర్తకం కూతవేటు దూరంలో. గంగాస్నానానికి ఘాట్లు పల్లకీలో పోయేటంత దగ్గర. బంధువుల ఇళ్ళు, గురువుల ఇళ్ళు ఆ చుట్టుపక్కలే. 1829లో గౌరమోహన్ ఆఢ్య స్థాపించిన ఓరియంటల్ సెమినరీ ఆ ప్రాంతంలోనిదే. రామమోహన్ రాయ్ 1830 జనవరిలో బ్రహ్మసమాజ మందిరాన్ని తెరచినది చిత్పూర్ రోడ్డు మీదనే. రాజేంద్ర మల్లిక్ 1835లో కట్టించిన మార్బుల్ ప్యాలెస్ అక్కడికి సమీపంలో ఉంది. మహాభారతాన్ని వంగభాషలోకి తెప్పించిన కాళీప్రసన్న సింహ జొరసాంకో వాడే. మంచి పేట అంటే విశాలమైన రోడ్లు, చెట్లు, తోటలు అన్న భావం తరువాత దొరల నుంచి వచ్చింది. ఆనాటి వారికి మంచి పేట అంటే మనుషులు దగ్గరగా ఉండే పేట.

ఇంటి నిర్మాణం మన కోస్తా జిల్లాల మండువా లోగిళ్ళను చూసిన వారికి సులభంగా బోధపడుతుంది. నడుమ ఆకాశం కనిపించే పెద్ద ముంగిలి, చుట్టూ రెండు మూడు అంతస్తుల వసారాలు, వాటి వెంట గదులు. ముంగిలికి ఒక పక్క కమానులతో, మెట్లతో ఎత్తుగా కట్టిన దేవమండపం ఉంటుంది. దానినే ఠాకుర్ దాలాన్ అంటారు. దుర్గాపూజ, జగద్ధాత్రి పూజ అక్కడ జరిగేవి. మగవారు అతిథులతో మెలగే వెలుపలి భాగం వేరు, స్త్రీలు నివసించే లోపలి భాగం వేరు. లోపలి వారు బయటికి రారు, బయటి వారు లోపలికి పోరు. భోజనం వేళకు, నిద్ర వేళకు మగవారు ఆ హద్దు దాటేవారు. మండువా లోగిలిలోనూ ఘోషా పాటించిన ఇళ్ళు మనకు లేకపోలేదు గాని, ఇంటి గోడల్లోనే ఆ కట్టడిని ఇంత స్పష్టంగా కట్టి చూపించడం కలకత్తా శ్రీమంతుల ఇళ్ళ విశేషం.

నీలమణి మనుమడు ద్వారకానాథుడు (1794–1846) ఈ ఇంటికి తొలి పెద్ద మార్పు తెచ్చాడు. యూనియన్ బ్యాంకు స్థాపకులలో ఒకడు, కార్ ఠాగూర్ కంపెనీలో ఆంగ్లేయులతో సమాన భాగస్వామి, బొగ్గు గనులు, నీలిమందు, ఓడలు, జమీందారీలు గలవాడు. ఆయన 1823లో పాత ఇంటి పక్కనే 'బైఠక్‌ఖానా బాడి' పేర ఒక కొత్త భవనం కట్టించాడు. ఆ సంవత్సరం డిసెంబరులో జరిగిన గృహప్రవేశానికి దొరలు, దొరసానులు వచ్చారనీ, సంగీతం, విందు అయిన తరువాత పగటివేషగాళ్ళలో ఒకడు ఆవు వేషం కట్టి గడ్డి మేశాడనీ 'సమాచార్ దర్పణ్' పత్రిక రాసింది. వినోదం మాట అటుంచితే, ఆ భవనం వెనుక ఒక గృహకలహం ఉన్నది. ఆంగ్లేయులతో కలిసి మాంసం, మద్యం సేవించే భర్తతో సహజీవనం ధర్మమా కాదా అని ఆయన భార్య దిగంబరీదేవి పండితుల నడిగింది. పతిసేవ మానరాదు, సంపర్కం మాత్రం కూడదు అని వారి తీర్పు. ఆమె ఆ తీర్పును తుదివరకు పాటించింది. ద్వారకానాథుని నివాసం కొత్త భవనంలో, దిగంబరీదేవి నివాసం పాత ఇంట్లో. ద్వారకానాథుని ఔదార్యం గురించి చరిత్రకారులు పుటలకొద్దీ రాశారు. దేశమంతా ప్రభువుగా కీర్తించిన మనిషిని తన గడపకు అవతల నిలిపిన ఆ ఇల్లాలి గురించి రాసినవారు తక్కువ. ఇంటిని మొదట రెండుగా విడదీసినది ఆమె పట్టుదల అని చెప్పడం అతిశయోక్తి కాదు.

1843లో రాసిన వీలునామాలో ద్వారకానాథుడు పాత ఇంటిని పెద్దకుమారుడు దేవేంద్రనాథునికి, బైఠక్‌ఖానాను రెండవ కుమారుడు గిరీంద్రనాథునికి కేటాయించాడు. ఇక్కడ ఒక న్యాయ విషయం చెప్పుకోవాలి. మన ప్రాంతంలో అనుసరించిన మితాక్షర ధర్మం ప్రకారం పిత్రార్జితంలో కుమారునికి పుట్టుకతోనే హక్కు సంక్రమిస్తుంది. వంగదేశంలో అనుసరించినది జీమూతవాహనుని దాయభాగం. దాని ప్రకారం తండ్రి జీవించి ఉన్నంతకాలం ఆస్తిపై పూర్తి అధికారం ఆయనదే. ఆయన గతించిన తరువాతనే వారసులకు హక్కు, అదికూడా ఎవరి భాగం వారికి నిర్దిష్టంగా. పుత్రసంతానం లేకుండా పోయినవాని భాగం అతని భార్యకు చేరుతుంది. కనుక వంగ గృహాలలో ఉమ్మడి వంట, ఉమ్మడి పూజ సాగుతున్నా, కాగితం మీద ఇల్లు ముందే విభక్తమై ఉండేది. ఉత్తర కలకత్తాలోని పాత భవనాలలో ముంగిలి నడుమ అడ్డుగోడలు లేవడానికీ, ఒక్కొక్క వాటా ఒక్కొక్కరికి అమ్ముడు పోవడానికీ ఈ ధర్మశాస్త్ర భేదం కూడా ఒక కారణమని నా అభిప్రాయం. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం వచ్చేనాటికి జరగవలసినదంతా జరిగిపోయింది.

ద్వారకానాథుడు 1846 ఆగస్టు 1న లండనులో మరణించాడు. 1848 ఆరంభం నాటికి కార్ ఠాగూర్ కంపెనీ, యూనియన్ బ్యాంకు రెండూ కుప్పకూలాయి. అప్పులు కోటి రూపాయలు, రావలసినది డెబ్బై లక్షలు అని దేవేంద్రనాథుడు ఆత్మకథలో లెక్క చెప్పాడు. తండ్రి ముందుచూపుతో ట్రస్టు కింద పెట్టిన ఎస్టేట్లను అప్పులవాళ్ళు తాకడానికి చట్టం ఒప్పుకోదు. అయినా దేవేంద్రనాథుడు వాటిని కూడా వారి ముందు పెట్టాడు. ఆ నిజాయితీకి మెచ్చి వారు గడువిచ్చారు. ఏళ్ళ తరబడి ఆయన అప్పులు తీర్చాడు. ఇంటి ఖర్చులు తగ్గాయి, నౌకర్లు తగ్గారు. ఇల్లు మాత్రం దక్కింది.

దేవేంద్రనాథుడు 1839లో తత్త్వబోధినీ సభను స్థాపించినది ఈ ఇంట్లోనే. బ్రహ్మసమాజ దీక్ష తీసుకున్న తరువాత విగ్రహారాధన తన ఇంట సాగడం ఆయనకు ఎబ్బెట్టుగా తోచింది. దుర్గాపూజ రోజులలో ఆయన ఊరు విడిచి దేశాటనకు వెళ్ళేవాడు. తమ్ముడు గిరీంద్రనాథుడు 1854లో గతించాడు. ఆయన భార్య యోగమాయాదేవి మాత్రం ఇలవేల్పును వదులుకోవడానికి ఒప్పుకోలేదు. ఆమె లక్ష్మీజనార్దనుని తీసుకొని పిల్లలతో సహా పక్కనున్న బైఠక్‌ఖానా భవనానికి తరలింది. ఒకనాడు ఆచారం కోసం ఆడవారు పాత ఇంట్లో ఉండిపోగా అనాచారం కొత్త భవనానికి పోయింది. ఇప్పుడు అదే కొత్త భవనం ఆచారానికి ఆశ్రయమైంది. అప్పటి నుంచి 6వ నంబరు ఇల్లు దేవేంద్రనాథుని బ్రహ్మ శాఖది, 5వ నంబరు ఇల్లు గిరీంద్రనాథుని హిందూ శాఖది. మధ్య రాకపోకలు ఆగలేదు. పిల్లలు రెండు ఇళ్ళలోనూ పెరిగారు. కాని రెండు కుటుంబాల మధ్య పూజా పునస్కారాలలో, పెళ్ళి తంతులలో ఎడం ఏర్పడింది. 6వ నంబరులోని దేవమండపంలో దుర్గామాత స్థానంలో బ్రహ్మోపాసన, మాఘమాసంలో మాఘోత్సవం మొదలయ్యాయి. మండపం కూలలేదు, కమానులు మారలేదు. దాని అర్థం మారింది. ఒక పాత కట్టడాన్ని కొత్త అవసరానికి మలచుకోవడంలో ఇంతకన్న పొదుపైన ఉదాహరణ నేను ఎరుగను.

దేవేంద్రనాథుని పద్నాలుగవ సంతానంగా రవీంద్రనాథుడు 1861 మే 7న ఈ ఇంట జన్మించాడు. 1912లో వెలువడిన 'జీవనస్మృతి'లోనూ, 1940లో వచ్చిన 'ఛేలేబేలా'లోనూ ఆయన ఆ ఇంటిని ఎంతో విపులంగా వర్ణించాడు. శ్రీమంతుల బిడ్డలైనా పిల్లల పోషణ నౌకర్లకే వదిలేవారు. శ్యామ్ అనే నౌకరు పిల్లవాడి చుట్టూ సుద్దముక్కతో గిరి గీసి, దాటితే ప్రమాదమని బెదిరించి పోయేవాడు. సీతమ్మ గీత దాటిన కథ తెలిసిన పిల్లవాడు ఆ మాటను తోసిపుచ్చలేక, కిటికీ పక్క కూర్చొని కింద ఉన్న చెరువునూ, మర్రిచెట్టునూ గంటల తరబడి చూసేవాడు. వసారాలో మూల పడివున్న నాయనమ్మ కాలపు పల్లకీ ఆయనకు ఊహాయాత్రలకు వాహనం.

అదే పుస్తకాలలో ఇంటి సౌకర్యాల చరిత్ర కూడా దొరుకుతుంది. మొదట ఆముదపు దీపాలు, తరువాత కిరోసిన్ దీపాలు. చలికాలం చివర గంగనీటిని కావళ్ళతో తెచ్చి, కింది అంతస్తు చీకటి గదులలో పెద్ద జాడీలలో ఏడాదికి సరిపడా నిలవ చేసేవారు. ఆ గదులు పిల్లలకు దయ్యాల గదులు. 1870 ప్రాంతంలో పల్తా నుంచి వడకట్టిన నీరు గొట్టాల ద్వారా నగరానికి వచ్చింది. ఆ కొత్త గొట్టపు నీరు మూడవ అంతస్తులోని తండ్రిగారి స్నానాల గది దాకా ఎక్కింది. ఆయన ప్రయాణాలలో ఉన్నప్పుడు ఆ గదిలో దూరి మనసు తీరా తల తడుపుకోవడం రవీంద్రుని బాల్య విలాసాలలో ఒకటి. పురపాలక నివేదికలలో గాలన్ల లెక్కలు తప్ప కనిపించని ఒక గొప్ప మార్పు పిల్లవాడి తలపై నీటిధారగా ఇక్కడ సాక్ష్యమిస్తుంది. చరిత్ర విద్యార్థులు స్మృతి గ్రంథాలను చిన్నచూపు చూడరాదనడానికి ఇదొక నిదర్శనం.

లోపలి భాగంలో వచ్చిన మార్పు ఇంతకన్న లోతైనది. పూర్వం ఆ ఇంటి స్త్రీలు గంగాస్నానానికి మూసిన పల్లకీలో పోతే, బోయీలు పల్లకీతో సహా నీటిలో ముంచి తెచ్చేవారు. దేవేంద్రనాథుని రెండవ కుమారుడు సత్యేంద్రనాథుడు భారతీయులలో తొలి ఐ.సి.యస్. ఆయన భార్య జ్ఞానదానందినీదేవి భర్తతో బొంబాయి రాష్ట్రానికి వెళ్ళింది. పార్సీ స్త్రీల కట్టు చూసి, రవిక, లోపలి లంగాలతో చీర ధరించే కొత్త పద్ధతిని వంగదేశానికి తెచ్చింది. 1866లో గవర్నరు జనరల్ భవనంలో విందుకు హాజరైంది. అదే ఇంట్లో స్వర్ణకుమారీదేవి నవలలు రాసి, 'భారతి' పత్రికకు సంపాదకత్వం వహించింది. ఐదవ కుమారుడు జ్యోతిరింద్రనాథుడు, భార్య కాదంబరీదేవి మేడమీది మిద్దెను కుండీల చెట్లతో నింపి నందనకాననమని పేరు పెట్టారు. సాయంకాలాలు అక్కడ చాపలు పరచుకొని సాహిత్యగోష్ఠి జరిపేవారు. రవీంద్రుని కవితకు తొలి శ్రోతలు ఆ మిద్దె మీదివారే. మగవారి భాగం, ఆడవారి భాగం అన్న పాత హద్దు మొదట చెరిగినది ఇంటి కప్పు మీద. 1881 ఫిబ్రవరిలో 'వాల్మీకి ప్రతిభ' గేయనాటకాన్ని ఆ ఇంట్లోనే విద్వాంసుల ఎదుట ప్రదర్శించారు. వాల్మీకిగా రవీంద్రుడు, సరస్వతిగా ఆయన అన్న కూతురు ప్రతిభ. కుటుంబ స్త్రీ పరాయి పురుషుల ముందు వేషం కట్టడం ఆ రోజులలో ఎంత సాహసమో మనం ఊహించవచ్చు.

నాటకాల ముచ్చట మొదలైనది మాత్రం పక్క ఇంట్లో. 5వ నంబరులో గిరీంద్రనాథుని కుమారుడు గుణేంద్రనాథుడు, జ్యోతిరింద్రుడు కలిసి 1865లో జొరసాంకో నాట్యశాల నెలకొల్పారు. బహుభార్యాత్వాన్ని ఖండించే నాటకం కావాలని బహుమతి ప్రకటించి, రామనారాయణ్ తర్కరత్న చేత 'నవనాటక్' రాయించి, 1867లో ప్రదర్శించారు. అయితే చూడగలిగినవారు ఆహ్వానితులు మాత్రమే. 1872 డిసెంబరు 7న అదే పేటలో మధుసూదన్ సన్యాల్ ఇంటి ముంగిలిలో టిక్కెట్లు పెట్టి 'నీల్ దర్పణ్' ఆడారు. వంగ ప్రజానాటకశాల పుట్టుకను ఆనాటి నుంచే లెక్కిస్తారు. శ్రీమంతుని ముంగిలి తలుపులు టిక్కెట్టు కొన్న ప్రతివానికీ తెరుచుకున్న రోజు అది.

దేవేంద్రనాథుడు ఇచ్చిన స్థలంలో రవీంద్రుడు 1897లో తన కోసం ఒక ఎర్ర ఇటుకల మేడ కట్టించాడు. వాడుకలో అది లాల్‌బాడి, తరువాత విచిత్ర భవనం. 1902 నవంబరులో ఆయన భార్య మృణాళినీదేవి జొరసాంకోలోనే మరణించింది. దేవేంద్రనాథుడు 1905 జనవరిలో ఇక్కడే కన్నుమూశాడు. అదే సంవత్సరం అక్టోబరు 16న వంగ విభజన అమలుకు వచ్చిననాడు, రవీంద్రుడు ఈ ఇంటి నుంచి కాలినడకన గంగకు బయలుదేరి, దారిలో కనిపించిన ప్రతివారికీ రాఖీ కట్టాడు. గుర్రపుశాలల సాయీసులకు, చిత్పూర్ మసీదులోని మౌల్వీలకు కూడా కట్టాడు. వెంట నడిచిన అవనీంద్రనాథుడు ఏమవుతుందోనని జంకినట్లు తరువాత ముచ్చటగా చెప్పాడు. 1921 సెప్టెంబరులో సహాయ నిరాకరణపై అభిప్రాయ భేదాలు చర్చించడానికి గాంధీజీ వచ్చినది విచిత్ర భవనానికే. సి.ఎఫ్. ఆండ్రూస్ ఒక్కడే సాక్షిగా తలుపులు మూసుకొని జరిగిన ఆ సమావేశాన్ని అవనీంద్రుడు చిత్రించాడు.

ఇక ఆ అవనీంద్రుని ఇంటి దగ్గరకు వద్దాం. గుణేంద్రనాథుని కుమారులు గగనేంద్ర, సమరేంద్ర, అవనీంద్రులు. 5వ నంబరు ఇంటికి దక్షిణాన, తోటవైపు పొడవాటి వసారా ఒకటి ఉండేది. ముగ్గురు అన్నదమ్ములు అక్కడ వరుసగా కుర్చీలు వేసుకొని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చొనేవారు. బొమ్మలు వేయడం, హుక్కా పీల్చడం, రైతులతో మాట్లాడడం, కథలు చెప్పడం అన్నీ అక్కడే. 1905లో రూపుదిద్దుకొన్న 'భారతమాత' చిత్రం, గగనేంద్రుని వ్యంగ్య చిత్రాలు ఆ జీవితం నుంచే వెలువడ్డాయి. ఒకాకురా కాకుజో, ఆయన పంపిన యొకొయామా తైకాన్, హిషిదా షున్సోలు, ఆనంద కుమారస్వామి, విలియం రోథెన్‌స్టైన్ ఈ ఇంటి అతిథులు. 1911లో ఇక్కడ మొలకెత్తిన పరిచయమే మరుసటి సంవత్సరం లండనులో 'గీతాంజలి' వ్రాతప్రతిని రోథెన్‌స్టైన్ చేతికి చేర్చింది.

ఈ ముగ్గురూ తమ ఇంటి లోపలి భాగాన్ని మార్చిన తీరు ప్రత్యేకంగా పేర్కొనదగినది. ముత్తాత ద్వారకానాథుని కాలం నుంచి ఆ భవనం విలాయతీ సామగ్రితో నిండి ఉండేది. బరువైన సోఫాలు, నిలువుటద్దాలు, బొమ్మల దీపస్తంభాలు, యూరోపియన్ తైలవర్ణ చిత్రాలు. మునిమనుమలు వాటిని వదిలించుకొని, నేలకు దగ్గరగా ఉండే ఆసనాలు, చాపలు, దేశీ నేత బట్టలు, సన్నని గీతల చెక్కపని అమర్చారు. తమకు నచ్చిన రూపాలు గీసి ఇచ్చి వడ్రంగుల చేత చేయించారు. స్వదేశీ అంటే లాంకషైరు బట్టలను తగులబెట్టడమే కాదు, తాను కూర్చునే కుర్చీని గురించి ఆలోచించడం కూడా అని వారు చేతలలో చూపారు. నాటి కలకత్తా కులీనులు ముందు నవ్వారు, తరువాత అనుకరించారు.

ఆ వసారా ప్రభావం మన గడ్డకూ చేరింది. అవనీంద్రుని శిష్యులు నందలాల్ బోస్, అసిత్ కుమార్ హల్దార్, మైసూరు వెంకటప్ప దేశం నలుమూలలా ఆ శైలిని వ్యాపింపజేశారు. మచిలీపట్నంలో కోపల్లె హనుమంతరావు ప్రభృతులు నెలకొల్పిన ఆంధ్ర జాతీయ కళాశాలకు 1920వ దశకంలో ఆ సంప్రదాయానికే చెందిన ప్రమోద కుమార ఛటర్జీ చిత్రకళాచార్యుడుగా వచ్చాడు. ఆయన దగ్గర కుంచె పట్టినవారిలో అడివి బాపిరాజు ఒకరు. జొరసాంకోలో కూలిపోయిన ఇంటి గురించి తెలుగు పాఠకుడు పట్టించుకోవడానికి ఈ ఒక్క సంబంధం చాలు.

ఇంతలో పేట మారిపోతున్నది. బడాబజార్ వ్యాపారం ఉత్తరానికి, తూర్పుకు పాకింది. పాత భవనాలు గోదాములయ్యాయి, కింది అంతస్తులు దుకాణాలయ్యాయి. ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు కొత్త రోడ్లు తీసింది. చదువుకున్న వంగ కుటుంబాలు బాలీగంజ్, అలీపూర్ వైపు తరలిపోయాయి. అక్కడ గాలీ వెలుతురూ ఉన్న బంగళాలు, మోటారు కారు నిలిపే చోటు లభించాయి. ఒకనాడు జొరసాంకోను కోరదగిన పేటగా చేసిన కారణమే, అనగా వర్తకానికి చేరువ కావడమే, ఇప్పుడు దానిని నివాసయోగ్యం కాకుండా చేసింది. అయినా అక్కడి నేల ధర పడిపోలేదు, పెరిగింది. నివాసానికి విలువ తగ్గి, స్థలానికి విలువ పెరిగిన చోట పాత ఇళ్ళకు ఆయుష్షు ఉండదు. నేటి హైదరాబాదు, బెంగుళూరు, మద్రాసు నగరాలలో మనం చూస్తున్నది అదే.

5వ నంబరు శాఖకు జమీందారీ రాబడి తగ్గింది, అప్పులు పెరిగాయి. 1938లో గగనేంద్రుడు గతించాడు. వారసులు పెరిగినకొద్దీ వాటాలు చిన్నవయ్యాయి. చివరకు ఇల్లు అమ్మక తప్పలేదు. డెబ్బై ఏళ్ళ అవనీంద్రుడు పుట్టి పెరిగిన ఇంటిని వదిలి, బారానగర్‌లోని గుప్త నివాస్ అనే తోట ఇంటికి చేరాడు. కొన్నవారు భవనాన్ని పడగొట్టారు. ఆ దక్షిణపు వసారా ఇప్పుడు స్మృతి గ్రంథాలలో, కొన్ని ఛాయాచిత్రాలలో, గగనేంద్రుని నీటిరంగుల చిత్రాలలో మాత్రమే ఉన్నది. కొన్నవారిని నిందించి ప్రయోజనం లేదు. ధర చెల్లించి స్థలం కొన్నారు. పురావస్తు చట్టాలు ఆనాటికి ప్రాచీన కట్టడాలను కాపాడేవే గాని, నూరేళ్ళ వయసుగల కుటుంబ గృహాన్ని కాపాడేవి కావు.

6వ నంబరు నిలవడానికి కారణం, నిజం చెప్పాలంటే, ఒక మరణం. 1941 జులై 25న రవీంద్రుని శాంతినికేతనం నుంచి చికిత్సకై తీసుకువచ్చారు. 30న ఈ ఇంటి వసారాలోనే శస్త్రచికిత్స జరిగింది. ఆగస్టు 7న మధ్యాహ్నం ఆయన కన్నుమూశాడు. సందులో, ముంగిలిలో జనం కిక్కిరిసి, కుటుంబ సభ్యులే దగ్గరకు పోలేకపోయారు. ఆనాటితో అది ప్రజల ఇల్లయింది. రవీంద్ర శతజయంతి సంవత్సరమైన 1961లో పశ్చిమ బెంగాల్ శాసనసభ రవీంద్రభారతి చట్టం చేసింది. 1962 మే 8న ఇక్కడ విశ్వవిద్యాలయం ప్రారంభమైంది. నృత్య, సంగీత, నాటక శాఖలతో పాత గదులకు మళ్ళీ గొంతు వచ్చింది. తరువాత విశ్వవిద్యాలయం బారక్‌పూర్ ట్రంక్ రోడ్డులోని ఎమరాల్డ్ బవర్‌కు విస్తరించింది. అదీ ఠాగూరులదే. నీలమణి విడిచి వచ్చిన పాథురియాఘాటా శాఖవారి తోట భవనం.

సంరక్షణ బాధ్యత గలవారికి ఈ ఇల్లు ఒక చిక్కు ప్రశ్న వేస్తుంది. ఏ సంవత్సరపు ఇంటిని కాపాడాలి? 1784 నాటిదా, పూజలు జరిగిన దేవమండపాన్నా, గంగనీటి జాడీల చీకటి గదులనా, 1941 నాటి రోగి గదినా? మ్యూజియంలో సహజంగానే చివరిదానికి ప్రాధాన్యం లభించింది. మహాకవి మరణించిన గది ముందు సందర్శకులు మౌనంగా నిలబడతారు. అందులో తప్పు లేదు. కాని మంచినీటి గొట్టం ఎక్కిన మెట్లు, నందనకాననపు మిద్దె, స్త్రీలు దాటిన గడప ఎక్కడివో చూపే ఫలకాలకు కూడా అంతే ప్రాధాన్యం ఇవ్వాలని నా మనవి. పడిపోయిన 5వ నంబరు ఇంటి పునాది గీతలను నేలమీద రాళ్ళతో గుర్తించడం పెద్ద ఖర్చు కాదు. మార్పులన్నీ మంచివనీ నేను అనడం లేదు. 2022లో ఈ ఆవరణలోని గదులను అనుమతి లేకుండా మార్చారన్న ఫిర్యాదుపై కలకత్తా హైకోర్టు జోక్యం చేసుకోవలసి వచ్చింది. ఠాగూరులు చేసిన మార్పులకూ వీటికీ భేదం ఉన్నది. వారు మార్చిన ఇంట్లో వారే నివసించారు.

ప్రతి సంవత్సరం వైశాఖ మాసం 25వ తేదీన, వంగ పంచాంగం ప్రకారం కవి జన్మదినాన, ఈ ముంగిలిలో తెల్లవారుజాము నుంచే జనం చేరుతారు. దుర్గామాత విగ్రహాన్ని నిలిపిన మండపం ఎదుట, బ్రహ్మోపాసన సాగిన చోట పందిరి వేస్తారు. తెల్లచీరల అమ్మాయిలు, జుబ్బాలు తొడిగిన ముసలివారు, సందులోని దుకాణదారులు, బడి పిల్లలు కలిసి కూర్చుంటారు. ఒకరి తరువాత ఒకరు లేచి పాడుతుంటారు. ఎండ పైకి వచ్చేసరికి వసారాల మీదివారు కూడా గొంతు కలుపుతారు.